క్రీడా ఒడంబడికలు: ధ్రువీకరణ ఢిల్లీలో.. ఫలితం మన మైదానంలో

డోపింగ్ నిరోధక ఒప్పందానికి 2007లో ఆమోదం.. చట్టం వచ్చింది 2022లో
క్రీడాకారుల భవితతో ముడిపడిన అంశం.. జిల్లాల్లో అవగాహన అంతంతమాత్రం

కర్నూలు, కడప: దగ్గు మందు ఒక సీసా, మోకాలి నొప్పికి ఒక సూది, నీరసానికి ఒక సెలైన్. పల్లెల్లో ఇవి నిత్యం కనిపించే వైద్యాలే. అయితే జాతీయ పోటీలకు వెళ్లే క్రీడాకారుడి విషయంలో ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ఏళ్ల తరబడి నిషేధానికి దారితీయవచ్చు. ఈ కట్టుబాటుకు మూలం పారిస్‌లో రూపుదిద్దుకున్న ఒక అంతర్జాతీయ ఒడంబడిక. యునెస్కో ఆధ్వర్యంలోని ‘క్రీడల్లో డోపింగ్ వ్యతిరేక అంతర్జాతీయ ఒడంబడిక’ను భారత ప్రభుత్వం 2007 నవంబర్ 7న ధ్రువీకరించింది. ఆ ధ్రువీకరణకు దేశంలో చట్టబద్ధత కల్పించడానికి మాత్రం 2022 ఆగస్టు వరకు సమయం పట్టింది. మధ్యలో గడిచిన కాలం దాదాపు పదిహేనేళ్లు. ఈ వ్యవధిలో ఏం జరిగింది, ఇంకా ఏం మిగిలి ఉంది, ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల క్రీడాకారులకు దీనితో ఉన్న సంబంధం ఏమిటి అన్నది పరిశీలించదగిన అంశం.

సంతకం వేరు.. ధ్రువీకరణ వేరు

అంతర్జాతీయ ఒప్పందాల విషయంలో సాధారణంగా రెండు దశలుంటాయి. ఒప్పందంలోని ఆశయాలతో ఏకీభవిస్తున్నట్లు తెలిపేది సంతకం. వాటికి కట్టుబడి ఉంటామని లాంఛనంగా మాట ఇచ్చేది ధ్రువీకరణ. పెళ్లి విషయంలో నిశ్చితార్థానికి, మాంగల్యధారణకు ఉన్నంత వ్యత్యాసం ఈ రెండింటి మధ్య ఉంది. ఉదాహరణకు వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారత్ 2007 మార్చి 30న సంతకం చేసింది. అదే ఏడాది అక్టోబర్ 1న ధ్రువీకరించింది. యునెస్కో సర్వసభ్య సమావేశం ఆమోదించే ఒడంబడికలకు సంతకాల దశ ఉండదు. సభ్యదేశం నేరుగా ధ్రువీకరణ పత్రాన్ని పారిస్‌లోని ప్రధాన కార్యాలయానికి సమర్పిస్తుంది. డోపింగ్ ఒడంబడిక విషయంలో జరిగింది ఇదే.

మన దేశంలో ఒప్పందాలు కుదుర్చుకునే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితా 14వ పద్దు ఈ విషయాన్ని స్పష్టం చేస్తోంది. క్రీడలు మాత్రం రాష్ట్ర జాబితా 33వ పద్దులో ఉన్నాయి. అంటే ఒప్పందంపై మాట ఇచ్చేది ఢిల్లీ, మైదానాలను, శిక్షకులను చూసుకోవలసింది రాష్ట్రం. ఈ చిక్కుముడిని విప్పేందుకే రాజ్యాంగంలో 253వ అధికరణ ఉంది. అంతర్జాతీయ ఒప్పందం అమలు కోసం ఏ అంశంపైనైనా, అది రాష్ట్ర జాబితాలోదైనా సరే, పార్లమెంటు చట్టం చేయవచ్చని ఆ అధికరణ చెబుతోంది.

ఇక్కడే మరో సంగతి గమనించాలి. ధ్రువీకరించినంత మాత్రాన ఒప్పందం మన దేశంలో తనంతట తానే చట్టం కాదు. పౌరుల హక్కులపై ప్రభావం చూపే నిబంధనలకు దేశీయ చట్టం అవసరమన్నది న్యాయస్థానాలు పాటిస్తున్న సూత్రం. అంతర్జాతీయ ఒడంబడిక దానంతట అది దేశీయ చట్టంలో భాగం కాదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే ధ్రువీకరణ జరిగిన తేదీతో పాటు చట్టం వచ్చిన తేదీ కూడా ముఖ్యమే.

ఒడంబడిక ఎందుకు పుట్టింది?

క్రీడల్లో ఉత్ప్రేరకాల వాడకం కొత్త కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు గెలిచిన కెనడా అథ్లెట్ బెన్ జాన్సన్ డోపీగా తేలి పతకం కోల్పోవడం ప్రపంచాన్ని కుదిపేసింది. 1998లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీల సందర్భంగా ఒక జట్టు వాహనంలో భారీగా నిషిద్ధ మందులు పట్టుబడ్డాయి. దీంతో క్రీడా సంఘాలు మాత్రమే ఈ జాడ్యాన్ని అరికట్టలేవని, ప్రభుత్వాలు కూడా కలిసి రావాలని తేలిపోయింది. 1999 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని లాసానెలో ప్రపంచ సదస్సు జరిగింది. అదే ఏడాది నవంబర్‌లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ ఏర్పడింది. ప్రస్తుతం దీని ప్రధాన కార్యాలయం కెనడాలోని మాంట్రియల్‌లో ఉంది.

2003 మార్చిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో వాడా నియమావళి ఆమోదం పొందింది. అన్ని దేశాలకు, అన్ని క్రీడలకు ఒకే కొలబద్ద ఉండాలన్నది దీని ఉద్దేశం. రాయలసీమ పల్లెల్లో జరిగే బండలాగుడు పోటీల్లో రాయి బరువు, నిర్ణీత సమయం అన్ని జతల ఎద్దులకూ ఒకటే. ఒకరికి తేలిక రాయి, మరొకరికి బరువు రాయి ఇస్తే అది పోటీ అనిపించుకోదు. నియమావళి వెనుక ఉన్న న్యాయం కూడా ఇదే.

అయితే ఒక సమస్య మిగిలింది. వాడా స్విట్జర్లాండ్ చట్టాల కింద నమోదైన ప్రైవేటు సంస్థ. అది రూపొందించిన నియమావళికి క్రీడా సమాఖ్యలు కట్టుబడవచ్చు గానీ, సార్వభౌమాధికారం గల ప్రభుత్వాలు కట్టుబడజాలవు. ఈ లోటును పూడ్చేందుకే యునెస్కో రంగంలోకి దిగింది. 2005 అక్టోబర్ 19న పారిస్‌లో జరిగిన 33వ సర్వసభ్య సమావేశం ఒడంబడికను ఆమోదించింది. 30 దేశాలు ధ్రువీకరించాక, 2007 ఫిబ్రవరి 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఇందులో 190కి పైగా దేశాలు భాగస్వాములు.

ప్రభుత్వాలు ఇచ్చిన మాట ఏమిటి?

ఒడంబడికలో మొత్తం 43 అధికరణలున్నాయి. నిషిద్ధ పదార్థాల జాబితా దీనికి అనుబంధంగా ఉంటుంది. ఈ జాబితాను వాడా ఏటా సవరిస్తుంది. ప్రభుత్వాలు నెరవేర్చవలసిన బాధ్యతల్లో ప్రధానమైనవి ఇవీ..

- నిషిద్ధ మందులు క్రీడాకారులకు సులువుగా దొరక్కుండా, వాటి అక్రమ రవాణా జరగకుండా కట్టడి చేయడం.
- తప్పు చేసిన క్రీడాకారులపైనే కాక వారి శిక్షకులు, సహాయ సిబ్బందిపైనా చర్యలకు వీలు కల్పించడం.
- పోషకాహార పొడులు, మాత్రలు తయారుచేసేవారు, అమ్మేవారు వాటిలో ఏమున్నదీ సరిగా తెలిపేలా ప్రోత్సహించడం.
- డోపింగ్ పరీక్షలకు తోడ్పడటం, నిషేధానికి గురైన వారికి క్రీడా నిధులు నిలిపివేయడం.
- క్రీడాకారులకు, శిక్షకులకు విద్య, శిక్షణ అందించడం.

రెండేళ్లకోసారి సభ్యదేశాల సమావేశం జరుగుతుంది. ఏ మేరకు అమలు చేశామన్నది ప్రతి దేశం నివేదించాలి.

ధ్రువీకరణ నుంచి చట్టం దాకా..

భారత్ నడిచిన దారిని వరుసగా చూస్తే ప్రగతి, జాప్యం రెండూ కనిపిస్తాయి.

2005 నవంబర్: జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’ ఒక సొసైటీగా నమోదైంది.

2007 నవంబర్ 7: ఒడంబడికకు ధ్రువీకరణ. ఒడంబడిక నిబంధనల ప్రకారం 2008 జనవరి 1 నుంచి భారత్‌కు వర్తించింది.

2008 సెప్టెంబర్: ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షా ప్రయోగశాలకు వాడా గుర్తింపు.

2009 జనవరి: నాడా కార్యకలాపాలు ప్రారంభం.

2019 ఆగస్టు: ప్రమాణాలు పాటించడం లేదంటూ ఢిల్లీ ప్రయోగశాల గుర్తింపును వాడా నిలిపివేసింది. నమూనాలను విదేశీ ప్రయోగశాలలకు పంపవలసి వచ్చింది. అదే నెలలో క్రికెట్ బోర్డు తొలిసారి నాడా పరిధిలోకి వచ్చేందుకు అంగీకరించింది.

2021 డిసెంబర్: ప్రయోగశాలకు గుర్తింపు పునరుద్ధరణ.

2022: జాతీయ డోపింగ్ నిరోధక బిల్లుకు జులై 27న లోక్‌సభ, ఆగస్టు 3న రాజ్యసభ ఆమోదం తెలిపాయి. ఆగస్టు 12న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది.

2025 ఆగస్టు: సవరణ బిల్లుకు పార్లమెంటు ఆమోదం.

2022 చట్టం రాకముందు నాడా ఒక సొసైటీ మాత్రమే. నిబంధనలు ఉన్నా, వాటి వెనుక పార్లమెంటు చేసిన శాసనం లేదు. నాడా జోక్యానికి తలొగ్గబోమని బలమైన క్రీడా సంస్థలు ఏళ్ల తరబడి భీష్మించుకోగలిగాయి. చట్టం వచ్చాక నాడాకు శాసనబద్ధ హోదా, సోదాలు జరిపి స్వాధీనం చేసుకునే అధికారం దక్కాయి. విచారణకు క్రమశిక్షణ సంఘం, దానిపై అప్పీలుకు మరో సంఘం ఏర్పాటయ్యాయి. డోపింగ్‌కు పాల్పడిన క్రీడాకారుడికి ఈ చట్టంలో జైలుశిక్ష లేదు. పోటీల నుంచి నిషేధం, ఫలితాల రద్దు వంటివే శిక్షలు.

సవరణ ఎందుకు?

2022 చట్టంలో జాతీయ బోర్డుకు కల్పించిన కొన్ని అధికారాలపై వాడా అభ్యంతరం తెలిపింది. డోపింగ్ కేసుల నిర్ణయాల్లో ప్రభుత్వం గానీ, క్రీడా సంఘాలు గానీ జోక్యం చేసుకోరాదన్నది అంతర్జాతీయ నియమం. అప్పీలు సంఘంపై బోర్డు పెత్తనం ఉంటే ఆ నియమానికి భంగం కలుగుతుందన్నది వాడా వాదన. నియమావళికి అనుగుణంగా లేని దేశానికి అంతర్జాతీయ పోటీల్లో జాతీయ పతాకం ఎగురవేసే అవకాశం, ఆతిథ్య హక్కులు కూడా దూరమయ్యే ప్రమాదం ఉంది. ఈ నేపథ్యంలోనే 2025 సవరణ వచ్చింది. నాడా నిర్ణయాల స్వతంత్రతను స్పష్టం చేసి, అప్పీలు సంఘాన్ని ఏర్పాటు చేసే అధికారాన్ని బోర్డు నుంచి తప్పించింది. 2030 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం 2025 నవంబర్ 26న అహ్మదాబాద్‌కు ఖరారైంది. 2036 ఒలింపిక్స్‌ను కూడా మన దేశం కోరుతోంది. ఈ తరుణంలో చట్టంలో లొసుగులు ఉండటం దేశ ప్రతిష్ఠకు మంచిది కాదు.

జాప్యానికి మూల్యం

కాగితాలపై కదలిక నెమ్మదిగా సాగుతున్న కాలంలోనే మైదానాల్లో వరుస అవమానాలు ఎదురయ్యాయి. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో ఇద్దరు భారత వెయిట్‌లిఫ్టర్లు డోపీలుగా తేలి పతకాలు కోల్పోయారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనూ ఇద్దరు మహిళా లిఫ్టర్లు దొరికిపోయారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో తెలుగు తేజం కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచి వెయిట్‌లిఫ్టింగ్‌కు తెచ్చిన కీర్తి ఈ ఉదంతాలతో మసకబారింది. 2009లో మళ్లీ పలువురు లిఫ్టర్లు పట్టుబడటంతో అంతర్జాతీయ సమాఖ్య 5 లక్షల డాలర్ల జరిమానా విధించింది. ఆ మొత్తం చెల్లించాకే 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మన లిఫ్టర్లకు మార్గం సుగమమైంది.

2011లో మహిళల 400 మీటర్ల పరుగు బృందంలోని ఆరుగురు పరీక్షల్లో విఫలమయ్యారు. విదేశీ శిక్షకుడు అందించిన పోషకాహార పదార్థాల వల్లే ఇలా జరిగిందని వారు వాదించారు. తెలియక తీసుకున్నామన్న వాదన వారిని పూర్తిగా కాపాడలేదు. దేశంలో విధించిన ఏడాది నిషేధాన్ని అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2012లో రెండేళ్లకు పెంచింది.

2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ పరీక్షాధికారులు వస్తున్నారని తెలియగానే పలువురు క్రీడాకారులు మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. మరుగుదొడ్లలో వాడి పారేసిన సిరంజీలు కనిపించాయి. ఈ ఘటన ఒలింపిక్ స్థాయిలో జరిగింది కాదు. రాష్ట్రస్థాయి పోటీల్లో జరిగింది. జబ్బు కింది మెట్టు దాకా పాకిందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు.

వాడా వెల్లడించిన గణాంకాలు కూడా ఇదే చెబుతున్నాయి. 2022లో భారత్‌లో 3,865 నమూనాలు పరీక్షించగా 125 నమూనాల్లో నిషిద్ధ పదార్థాలు బయటపడ్డాయి. 2023లో 5,606 నమూనాలకు 213, 2024లో 7,113 నమూనాలకు 260 ఇలాగే తేలాయి. 2024 రేటు 3.6 శాతానికి పైనే. పెద్ద సంఖ్యలో పరీక్షలు జరిపే దేశాల్లో ఇదే అత్యధికం. పరీక్షలు పెరగడం ఒడంబడిక అమలులో ప్రగతికి గుర్తు. పట్టుబడేవారు తగ్గకపోవడం అవగాహన కొరవడిందనడానికి గుర్తు.

సీమ క్రీడాకారుడికి దీనితో పనేమిటి?

వర్షాధార వ్యవసాయం మీద ఆధారపడిన సీమ పల్లెల్లో యువతకు క్రీడ అంటే వినోదం ఒక్కటే కాదు, ఉద్యోగానికి దారి కూడా. క్రీడా కోటా ధ్రువపత్రం చేతికొస్తే పోలీసు, రైల్వే, ఇతర ప్రభుత్వ కొలువుల్లో అవకాశం దొరుకుతుందన్న ఆశ తల్లిదండ్రుల్లో బలంగా ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన నూతన క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. డోపింగ్ కేసులో ఫలితం రద్దయితే పతకం పోతుంది. పతకం పోతే దానిపై ఆధారపడిన ధ్రువపత్రానికి విలువ ఉండదు. అప్పు చేసి పిల్లవాడిని శిక్షణకు పంపిన కుటుంబానికి ఇది కోలుకోలేని దెబ్బ.

కడప పుట్లంపల్లిలోని క్రీడా పాఠశాల, కర్నూలు మైదానాలు, రాయలసీమ, యోగి వేమన విశ్వవిద్యాలయాల జట్లు, పల్లెల్లోని కబడ్డీ, వాలీబాల్, ఖోఖో బృందాలు.. వీటిలో ఎదిగినవారు ఏదో ఒకనాడు జాతీయ పోటీలకు వెళ్లేవారే. వైఎస్సార్ కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె గ్రామానికి చెందిన శ్రీచరణి 2025 నవంబర్ 2న ప్రపంచకప్ గెలిచిన భారత మహిళా క్రికెట్ జట్టులో సభ్యురాలు. మారుమూల పల్లె నుంచి ప్రపంచ వేదిక దాకా దారి ఉందని ఆమె నిరూపించారు. ఆ దారిలో నడవదలచిన ప్రతి బాలబాలికా నాడా పరీక్షలకు సిద్ధపడే ఉండాలి. జాతీయ సమాఖ్యల పరిధిలో ఆడే ఏ క్రీడాకారుడినైనా, పోటీ సమయంలోనే కాక శిక్షణ కాలంలోనూ, ముందస్తు సమాచారం లేకుండా పరీక్షించే అధికారం నాడాకు ఉంది.

సూది, సెలైన్, సిరప్‌తో జాగ్రత్త

డోపింగ్ అంటే దొంగచాటుగా స్టెరాయిడ్లు ఎక్కించుకోవడం మాత్రమేనన్న భావన చాలామందిలో ఉంది. వాస్తవం వేరు. తెలియకుండా చేసే పొరపాట్లు కూడా అంతే ప్రమాదకరం.

దగ్గు మందు: కొన్ని రకాల సిరప్‌లలో ఉండే టెర్బుటలిన్ నిషిద్ధ పదార్థం. దీనివల్లే 2019లో క్రికెటర్ పృథ్వీ షాపై 8 నెలల నిషేధం పడింది. వైద్యుడిని సంప్రదించకుండా దుకాణంలో కొన్న సిరప్ తాగానని ఆయన వివరణ ఇచ్చారు.

నొప్పి సూది: మోకాలు, నడుము నొప్పికి పల్లెల్లో ఆర్‌ఎంపీలు వేసే సూదుల్లో స్టెరాయిడ్ మందులు ఉండటం కద్దు. డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటివి ఈ కోవలోవే. 2022 జనవరి 1 నుంచి వీటిని ఏ రూపంలో సూదిగా తీసుకున్నా పోటీ సమయంలో నిషేధం వర్తిస్తుంది. పోటీకి కొన్ని రోజుల ముందు వేయించుకున్నా ఒంట్లో ఆనవాళ్లు మిగిలే అవకాశం ఉంది.

సెలైన్: ఎండలో సాధన చేసి నీరసించిన పిల్లలకు సెలైన్ ఎక్కించడం ఇక్కడ సర్వసాధారణం. సీసాలో నిషిద్ధ మందు లేకపోయినా, 12 గంటల వ్యవధిలో 100 మిల్లీలీటర్లకు మించి రక్తనాళం ద్వారా ఎక్కించడం వాడా నిబంధనల ప్రకారం నిషిద్ధ పద్ధతి. ఆసుపత్రిలో చికిత్స, శస్త్రచికిత్స, వ్యాధి నిర్ధారణ పరీక్షల్లో భాగంగా ఇచ్చే వాటికే మినహాయింపు ఉంది.

బరువు తగ్గే మాత్ర: కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ వంటి క్రీడల్లో బరువు విభాగంలో ఇమడడానికి కొందరు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడతారు. ఇవి అన్ని వేళలా నిషిద్ధమే.

జిమ్ పొడులు: కండలు పెంచుతామంటూ అమ్మే పొడుల్లో, డబ్బాపై రాయని పదార్థాలు కలిసి ఉండవచ్చు. ఆహార భద్రత సంస్థ లైసెన్సు సంఖ్య ఉన్నంత మాత్రాన అందులో నిషిద్ధ పదార్థం లేదన్న హామీ లభించదు. ఇక స్టానజొలాల్, మెథాండినోన్ వంటి స్టెరాయిడ్లు, మెఫెంటర్‌మైన్ సూదులు నిషేధానికి గురిచేయడంతో పాటు గుండె, కాలేయాలను దెబ్బతీస్తాయి. పోటీల్లో పాల్గొనకుండా కేవలం దేహదారుఢ్యం కోసం వాడే యువకులకూ ఈ ముప్పు తప్పదు.

‘తెలియదు’ అంటే కుదరదు

నియమావళిలో అత్యంత కఠినమైన సూత్రం ఒకటుంది. ఒంట్లోకి ఏది చేరినా దానికి క్రీడాకారుడే బాధ్యుడు. శిక్షకుడు ఇచ్చాడనో, స్నేహితుడు కలిపాడనో చెప్పినంత మాత్రాన తప్పించుకోలేరు. తన ఆహారంలో ఎవరో మందు కలిపారన్న మల్లయోధుడు నర్సింగ్ యాదవ్ వాదనను నాడా సంఘం అంగీకరించినా, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2016 ఆగస్టులో తోసిపుచ్చింది. రియో ఒలింపిక్స్ బరిలోకి దిగవలసిన ఆయనపై నాలుగేళ్ల నిషేధం పడింది.

స్టెరాయిడ్ వంటి పదార్థాలను ఉద్దేశపూర్వకంగా వాడితే సాధారణ శిక్ష నాలుగేళ్లు. నమూనా ఇవ్వకుండా తప్పించుకున్నా అదే శిక్ష. 18 ఏళ్ల లోపు వారికి కొన్ని సందర్భాల్లో సడలింపు లభిస్తుంది. క్రీడాకారులకు హక్కులూ ఉన్నాయి. నమూనాను ‘ఎ’, ‘బి’ అని రెండు సీసాల్లో భద్రపరుస్తారు. మొదటిది విఫలమైతే రెండోది తెరిచి పరీక్షించాలని కోరవచ్చు. విచారణలో తన వాదన వినిపించవచ్చు, అప్పీలుకు వెళ్లవచ్చు. నిజంగా జబ్బు చేసి నిషిద్ధ మందు వాడక తప్పనిసరైతే, వైద్య పత్రాలతో ‘చికిత్సార్థ మినహాయింపు’ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. అత్యవసర పరిస్థితుల్లో తప్ప ఈ అనుమతి ముందుగానే పొందాలి.

ఏ మందుల దుకాణానికి, వైద్యుడి వద్దకు వెళ్లినా తాను క్రీడాకారుడినని ముందే చెప్పడం, మందు చీటీని, బిల్లును భద్రపరచడం మంచిది. మందులో నిషిద్ధ పదార్థం ఉందో లేదో తెలుసుకునేందుకు నాడా ‘నో యువర్ మెడిసిన్’ పేరిట సెల్‌ఫోన్ యాప్‌ను అందుబాటులో ఉంచింది.

మరికొన్ని ఒడంబడికలు

క్రీడలకు సంబంధించి భారత్ ఆమోదించిన ఒప్పందం ఇదొక్కటే కాదు. దక్షిణాఫ్రికాలో నాడు అమలైన వర్ణవివక్షకు నిరసనగా 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌నే భారత్ వదులుకుంది. 1985లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ‘క్రీడల్లో వర్ణవివక్ష వ్యతిరేక ఒడంబడిక’లోనూ చేరింది. ఇక్కడ ఆచరణ ముందు, ఒప్పందం తర్వాత.

ఒలింపిక్ చిహ్నాన్ని రక్షించే 1981 నాటి నైరోబి ఒప్పందంలోనూ భారత్ సభ్యదేశమే. అయిదు వలయాల గుర్తును అనుమతి లేకుండా వ్యాపారానికి వాడరాదన్నది దీని సారాంశం. జిమ్‌లు, క్రీడా అకాడమీల నామఫలకాలపై ఆ గుర్తు వేసుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బాలల హక్కుల ఒడంబడికలో భారత్ 1992 డిసెంబర్‌లో చేరింది. ఆట, విశ్రాంతి పిల్లల హక్కని దాని 31వ అధికరణ చెబుతోంది. వికలాంగులు క్రీడల్లో సమానంగా పాల్గొనే వీలు కల్పించాలని పైన పేర్కొన్న ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 30వ అధికరణ నిర్దేశిస్తోంది. దాని అమలుకు 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో క్రీడలకు ప్రత్యేకంగా ఒక సెక్షన్ కేటాయించారు. 2007 అక్టోబర్, నవంబర్ నెలల్లో వెంటవెంటనే ధ్రువీకరణ పొందిన రెండు ఒడంబడికల్లో ఒకదానికి చట్టం తొమ్మిదేళ్లకు, మరొకదానికి పదిహేనేళ్లకు రావడం గమనార్హం.

మిగిలిన పెద్ద లోటు మ్యాచ్ ఫిక్సింగ్. పోటీల ఫలితాలను తారుమారు చేసే ముఠాలను అరికట్టేందుకు ఐరోపా మండలి 2014లో ‘మకోలిన్ ఒడంబడిక’ను తెచ్చింది. 2019 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న దీనిలో ఐరోపాయేతర దేశాలు కూడా చేరవచ్చు. భారత్ చేరలేదు. ఫిక్సింగ్‌ను నేరంగా పరిగణించాలని 2018లో లా కమిషన్ తన 276వ నివేదికలో సిఫారసు చేసింది. క్రికెట్ పందేల్లో అప్పులపాలై కుటుంబాలు చితికిపోవడం ప్రొద్దుటూరు, నంద్యాల వంటి పట్టణాలకు తెలియని విషయం కాదు. పందెం కాసేవారిపై కేసులు నమోదవుతున్నాయి. ఆటనే అమ్ముకునేవారిని శిక్షించే ప్రత్యేక చట్టం మాత్రం రావలసే ఉంది.

జిల్లాలో జరగవలసింది

ఒడంబడిక 19వ అధికరణ విద్య, శిక్షణ గురించి చెబుతోంది. అమలు గణాంకాల్లో పరీక్షల సంఖ్య కనిపిస్తుంది గానీ, ఎందరు గ్రామీణ క్రీడాకారులకు నిషిద్ధ జాబితా తెలుగులో వివరించారన్నది కనిపించదు. వ్యాయామ ఉపాధ్యాయులకు ఏటా ఒకసారైనా దీనిపై తరగతి నిర్వహించడం, జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ మైదానాల్లో, క్రీడా వసతి గృహాల్లో తెలుగు గోడపత్రికలు అతికించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఔషధ తనిఖీ అధికారులు వైద్యుడి చీటీ లేకుండా స్టెరాయిడ్ల అమ్మకాలపై నిఘా పెట్టవచ్చు. అన్నిటికీ మించి, ఎంపిక పోటీలకు వచ్చిన ప్రతి పిల్లవాడికీ సిరప్ సీసా వెనుక ఉన్న అక్షరాలు చదవడం నేర్పాలి.

2007లో కేంద్రం మాట ఇచ్చింది. 2022లో పార్లమెంటు చట్టం చేసింది. 2025లో దాన్ని సరిదిద్దింది. ఇక మిగిలింది జిల్లా మైదానం వంతు. ఆ పని జరగకపోతే, ఒడంబడిక పేరైనా వినని కుర్రాడు దాని కింద శిక్ష అనుభవించవలసి వస్తుంది.